కొబ్బరితోటలో యాంటెన్నా డైరీ

జనవరి 18

పండక్కి వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అరిసెల డబ్బా అడుగంటింది. ఇంక వాయిదా వేయడానికి సాకు దొరకలేదు. డాబా ఎక్కి చుట్టూ ఒకసారి చూసుకుని ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

హామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్ లైసెన్సు, చేతికొచ్చి రెండేళ్ళు దాటింది. రేడియో ఉంది. హైదరాబాద్‌లో అషర్ ఫర్హాన్ గారు డిజైన్ చేసిన మైక్రో బిట్‌ఎక్స్ కిట్టు, 7 మెగాహెర్ట్జ్ మీద 10 వాట్ల దాకా ఇస్తుంది. లేనిదల్లా చెప్పుకోదగ్గ యాంటెన్నా. ఇన్నాళ్ళూ డాబా పిట్టగోడ చుట్టూ తిప్పి కట్టిన తీగతో నెట్టుకొచ్చాను. దాంతో విజయవాడ వాళ్ళు నాకు వినిపిస్తారు, నేను వాళ్ళకి వినిపించను.

మా ఊరు రాజోలుకి దగ్గర. అటు వశిష్ఠ, ఇటు వైనతేయ, మధ్యలో మేం. ఇంటి ముందు రోడ్డు, రోడ్డు పొడవునా కరెంటు స్తంభాలు. వెనక బాబాయి కొబ్బరితోట. తోట దాటితే గట్టు, గట్టు దిగితే ఒకప్పుడు వరిచేలు, ఇప్పుడు రొయ్యల చెరువులు.

నా కోరిక చిన్నదే అనుకుంటున్నాను. ఒకే తీగ. ఇంటి దగ్గరా అదే, ఆదివారం అంతర్వేది వెళ్ళినా అదే. సంచిలో పట్టాలి, ఒక్కణ్ణే పావుగంటలో ఎక్కించగలగాలి, 40 మీటర్ల బ్యాండూ (7 మెగాహెర్ట్జ్) 20 మీటర్ల బ్యాండూ (14 మెగాహెర్ట్జ్) రెండూ పలకాలి.

కాగితం మీద నాలుగు పేర్లు రాసుకున్నాను. డైపోల్, అంటే మధ్యలో కేబుల్ తగిలించి రెండు కాళ్ళుగా చాపే తీగ, అదే మధ్యలో ఎత్తి చివర్లు కిందికి దించితే ఇన్వర్టెడ్ వీ. ఒక చివర నుంచి ఫీడ్ చేసే (కేబుల్ తగిలించే), సగం తరంగం పొడవున్న హాఫ్‌వేవ్, మనవాళ్ళు ఈఎఫ్‌హెచ్‌డబ్ల్యూ అంటారు. 9:1 అన్‌అన్ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడే రాండమ్ వైర్. నేల మీద చుట్టూ రేడియల్స్ అనే తీగలు పరిచి నిలబెట్టే, పావు తరంగం పొడవున్న క్వార్టర్ వేవ్ వర్టికల్. రాండమ్ వైర్‌ని ఇవాళే కొట్టేశాను. దానికి ట్యూనర్ (యాంటెన్నాని రేడియోకి సరిపెట్టే పెట్టె) కావాలి, నా రేడియోలో ట్యూనర్ లేదు. ఉన్న పది వాట్లలో కొంత పెట్టెలోనే వేడి చేసుకోవడం నాకు ఇష్టం లేదు.

జనవరి 21

రాజోలులో ఇంటి వైరింగ్ తీగ 1.5 స్క్వేర్ ఎంఎం ఒక కట్ట కొన్నాను. కట్టకి 90 మీటర్లు. పైన ప్లాస్టిక్ ఉన్న తీగే ఎందుకంటే మా గాలిలో ఉప్పు ఉంది. ఒట్టి రాగి ఇక్కడ రెండు వానాకాలాల్లో చిలుము పట్టి పచ్చబడుతుంది. కొబ్బరాకుల్లో కలిసిపోతుందని ఆకుపచ్చ రంగు అడిగాను. "ఎర్తింగుకాండి?" అన్నాడు షాపాయన. "కాదండి, ఆకాశానికి" అన్నాను. ఆయన నవ్వలేదు.

కోయాక్స్ (రేడియో నుంచి యాంటెన్నాకి వెళ్ళే కేబుల్) దగ్గర దెబ్బ తిన్నాను. ఒక దుకాణంలో ఆర్‌జీ-58 అని రాసిన కేబుల్ 20 మీటర్లు తెచ్చి, ఇంటికొచ్చి చివర ఒలిచి చూస్తే పైన రాగి అల్లిక చిరిగిన దోమతెరలా ఉంది. అల్లిక సందుల్లోంచి లోపలి తెల్ల ప్లాస్టిక్ ఎక్కడికక్కడ కనిపిస్తోంది. కేబుల్ కొనేటప్పుడు రెండంగుళాలు ఒలిపించి చూసి కొనాలని ఇప్పుడు తెలిసింది. మంచిది వేరే చోట నుంచి తెప్పించాను. సరైన ఆర్‌జీ-58 అయితే 7 మెగాహెర్ట్జ్ దగ్గర 20 మీటర్ల పొడవుకి పోయేది 1 డెసిబెల్ లోపే, కాబట్టి అంతకన్నా లావు కేబుల్‌కి డబ్బు పెట్టలేదు.

ఇన్సులేటర్లకి వంటింట్లో పాత ప్లాస్టిక్ కటింగ్ బోర్డు పట్టుకొచ్చి ముక్కలు కోశాను. "మరి కూరలు దేని మీద తరగమంటారు?" అంది మా ఆవిడ. రేపు కొత్తది కొనాలి. ప్రాజెక్టు ఖర్చులో రాసుకున్నాను.

జనవరి 25

ఇవాళ తోటలో దింపు, కొబ్బరికాయలు దించే రోజు. చెట్టెక్కే మనిషి ఎలాగూ ఉంటాడు కాబట్టి ఈ రోజే పెట్టుకున్నాను.

ముందు లెక్క. హాఫ్‌వేవ్ డైపోల్ మొత్తం పొడవు మీటర్లలో సుమారుగా 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వస్తుంది. 7.1కి 20.1 మీటర్లు, అంటే ఒక్కో కాలు 10 మీటర్ల చిల్లర. నేను కావాలనే ఒక్కో కాలు 10.3 మీటర్లు కోశాను. ఎక్కువైతే తగ్గించుకోవచ్చు, తక్కువైతే అతుకు వేయాలి.

చెట్టుకి గిలక తగిలించడానికి ఒక పెద్ద మేకు తెచ్చాను. దాన్ని చూడగానే బాబాయి మొహం మారింది.

"ఒరేయ్, మేకు దిగిన చోట ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. మొవ్వు వాలిపోయేదాకా నీకు తెలీదు. తర్వాత చెట్టుని నరికి పొయ్యిలో పెట్టుకోవడమే."

మేకు జేబులో పడేశాను. దింపు పెద్దాయన కొబ్బరిపీచు తాడు చెట్టు చుట్టూ రెండు చుట్లు వేసి, దానికి చిన్న గిలక కట్టి, అందులోంచి నైలాన్ తాడు కిందికి వదిలాడు. ముప్ఫై అడుగుల దగ్గర కట్టమన్నాను. ఇంకా పైకి కట్టగలనని ఆయన పట్టు. ముప్ఫై చాలన్నాను, ఎందుకో చెప్పే ఓపిక అప్పుడు లేదు.

తోటలో చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు. వీ ఆకారంలో దించితే ఒక్కో కాలు నేల మీద పరుచుకునే దూరం కూడా ఇంచుమించు అంతే. అంటే తీగ చివర సరిగ్గా పక్క చెట్టు మొద్దుకి వచ్చి తగులుతుంది. తీగ చివర వోల్టేజీ ఎక్కువ ఉండే చోటు, పచ్చి చెట్టుకి ఆనించకూడదు. అరగంట తల గోక్కున్నాక తట్టింది: వరస వెంట కాకుండా ఐమూలగా లాగితే చెట్ల మధ్య దూరం 35 అడుగులు. మిగిలిన దూరం తాడుతో సర్దుకోవచ్చు. అలాగే కట్టాను. మధ్య భాగం 9 మీటర్ల ఎత్తు, చివర్లు రెండున్నర మీటర్లు, మనిషి చెయ్యెత్తినా అందకుండా.

నానోవీఎన్‌ఏ (యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి పలుకుతుందో గీతగా చూపే చిన్న కొలత పరికరం) తగిలిస్తే గీత 6.78 దగ్గర కిందికి దిగింది. లెక్క ప్రకారం ఆ పొడవుకి 6.94 రావాలి. తేడా తీగ మీది ప్లాస్టిక్‌ది, నేలకి దగ్గరగా వచ్చిన చివర్లది. ఇప్పుడు త్రైరాశికం: 10.3ని 6.78తో గుణించి 7.1తో భాగిస్తే 9.84. ఒక్కో కాలు 46 సెంటీమీటర్లు తగ్గాలి. కోయలేదు, వెనక్కి మడిచి తన మీదే చుట్టేశాను. రెండో కొలతకి 7.09, ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ తిరగనట్టు) 1.2.

ఫీడ్ పాయింటు దగ్గర కోయాక్స్‌ని ఫెర్రైట్ రింగు మీద పదకొండు చుట్లు చుట్టి చోక్‌గా పెట్టాను. అది లేకపోతే కేబుల్ రాగి అల్లిక కూడా యాంటెన్నాకి మూడో కాలైపోతుంది.

కిందనుంచి చూస్తున్న పెద్దాయన అడిగాడు: "ఏంటి బాబూ ఇది, వైఫై తీగా?"

"కాదండి, రేడియోదండి."

"ఆయ్. పాటలొస్తాయా మరి?"

జనవరి 26

పొద్దున్న ఎనిమిదింటికి విజయవాడలో ఒక పెద్ద హామ్ గారు 5 9 (స్పష్టత 5కి 5, బలం 9కి 9) ఇచ్చారు. పిట్టగోడ తీగతో ఏడాదిగా నన్ను గుర్తుపట్టనివారు. తర్వాత హైదరాబాద్, చెన్నై. మధ్యాహ్నం లోపు బెంగళూరు కూడా. పది వాట్లు!

ముప్ఫై అడుగులు చాలని ఎందుకన్నానో ఇప్పుడు రాస్తాను. 40 మీటర్ల తరంగానికి 9 మీటర్ల ఎత్తంటే పావు వంతు కూడా లేదు. అంత కిందుగా ఉన్న డైపోల్ ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకి కొడుతుంది. పైన అయానోస్ఫియర్‌ని (రేడియో తరంగాల్ని కిందికి తిప్పే పొరని) తాకి, గొట్టంతో పైకి కొట్టిన నీళ్ళు చుట్టూ జల్లుగా పడ్డట్టు, చుట్టుపక్కల కొన్ని వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. దీన్నే ఎన్‌విస్ అంటారు. మా ఊరినుంచి విజయవాడ 130 కిలోమీటర్లు, విశాఖ 200, హైదరాబాద్ 370. నాకు పగలు కావలసిన ఊళ్ళన్నీ ఆ జల్లులోనే ఉన్నాయి. అరవై అడుగుల చెట్టు కొస నుంచి వేలాడదీస్తే దూరదేశాలకి లాభమేమో గానీ విజయవాడకి కాదు.

ఫిబ్రవరి 3

రాత్రిళ్ళు నాయిస్. ఎస్ మీటరు (వచ్చే సిగ్నల్ బలం చూపేది) 8 దగ్గర నిలబడి కదలడం లేదు. ఈ వారమంతా రాత్రి ఒక్క స్టేషను కూడా సరిగా పట్టలేదు. తప్పు యాంటెన్నాదేనేమో, ఊడదీసి ఇంకోటి కడదామా అనుకుంటుండగా, 9:40కి కరెంటు పోయింది.

రేడియో బ్యాటరీ మీద ఉంది. ఆ ఒక్క క్షణం సరిగ్గా రాయాలని ఉంది. ఫ్యాను ఆగుతూ ఆగుతూ కిర్రుమంది, గట్టు అవతల చెరువుల్లో ఏరియేటర్ల చప్పుడు ఒక్కసారిగా తెగిపోయింది, స్పీకరులో అప్పటిదాకా బుసకొడుతున్నది అణిగిపోయింది. మీటరు 8 నుంచి 2కి పడింది. దాని కిందనుంచి గొంతులు, ఒకదాని మీద ఒకటి. శ్రీలంక స్టేషను ఒకటి ఎవరితోనో వానల గురించి మాట్లాడుతున్నాడు. హైదరాబాద్ వాళ్ళు ఇద్దరు ఇడ్లీ పిండి గురించి. ఇవన్నీ రోజూ నా తీగ మీదికి వస్తూనే ఉన్నాయన్నమాట.

ఇరవై నిమిషాలకి కరెంటు వచ్చింది. ఊరంతా అమ్మయ్య అనుకుంది. "కరెంటొస్తే మొహం మాడ్చుకునే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది మా ఆవిడ.

మర్నాడు మా ఇంటి మెయిన్ స్విచ్ ఒక్కటే ఆపి చూశాను. 8 నుంచి 6. రెండు ఎస్ యూనిట్లంటే 12 డెసిబెల్స్, అది నా ఇంట్లో నేను పెంచి పోషిస్తున్నది. ఒక్కొక్కటే ఆన్ చేస్తూ పట్టుకున్నాను: హాల్లో చవక ఎల్‌ఈడీ బల్బు ఒకటి, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు, ఛార్జి అవుతున్నప్పుడు ఇన్వర్టరు. బల్బు మార్చాను, అడాప్టరు తీగకి ఫెర్రైట్ తొడిగాను, ఇన్వర్టరుని మాట్లాడే గంట సేపు ఆపుతున్నాను.

మీటరు మీద మిగిలిన ఆ 6 చెరువుల మోటార్లది. రాత్రి నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి తెల్లారేదాకా ఏరియేటర్లు తిరగాల్సిందే. ఆ స్టార్టరు పెట్టెల్లో ఏది మెరుపులు కొడుతోందో చూడమని చెరువు ఆయన్ని అడిగాను. "మోటారు తిరుగుతోంది కదండి" అన్నాడు. ఆయన రొయ్యలు ఆయనవి. నాకు పగటిపూట ఉంది.

ఫిబ్రవరి 15, శివరాత్రి

జాగారం ఎలాగూ తప్పదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకుంటూ కూర్చున్నాను.

హాఫ్‌వేవ్ తీగకి ఒక చివర ఇంపిడెన్స్ (రేడియో కరెంటుకి తగిలే అడ్డు) రెండున్నర మూడు వేల ఓమ్‌ల దగ్గర ఉంటుంది. రేడియోకి 50 కావాలి. కాబట్టి 49:1 ట్రాన్స్‌ఫార్మర్. ఎఫ్‌టీ240-43 రింగు మీద ప్రైమరీ 2 చుట్లు, సెకండరీ 14. ఏడింతలు చుట్లు, ఏడేళ్ళు నలభై తొమ్మిది. ప్రైమరీకి అడ్డంగా 100 పికోఫారడ్ కెపాసిటర్, పై బ్యాండ్ల కోసం.

ఎనామిల్ రాగి తీగ కోసం ఎక్కడా వెతకక్కర్లేదు. చెరువుల పుణ్యమా అని మా సెంటర్లో మోటారు వైండింగ్ షాపులు మూడున్నాయి. 18 గేజీ తీగ మూడు మీటర్లు అడిగితే డబ్బులు కూడా తీసుకోలేదు, "దేనికండి?" అని మాత్రం అడిగారు. నా రాత్రుల్ని పాడుచేస్తున్న మోటార్ల తీగతోనే యాంటెన్నా చేస్తున్నానని చెప్పాలనిపించింది.

మొదటిసారి చుట్టింది పాడైంది. రింగు అంచు పదును, బిగించి లాగేసరికి ఎనామిల్ గీరుకుపోయింది. రెండోసారి రింగుకి తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టి మొదలుపెట్టాను. తీగ తగిలించేముందు సెకండరీకి 2.2 కిలో ఓమ్‌లూ 270 ఓమ్‌లూ కలిపి రెసిస్టర్లు పెట్టి కొలిచాను. 7 దగ్గర 1.2, 14 దగ్గర 1.3, 28 దగ్గర 1.8. తెల్లవారుజామున మూడున్నర. చాలు.

ఫిబ్రవరి 22

20 మీటర్ల తీగ, డాబా మూల నుంచి మామిడిచెట్టు కొమ్మకి. కొమ్మ మీదుగా దారం వేయడానికి మా అబ్బాయి ఉండేలు, వలకి కట్టే సీసం గుండు, గేలం దారం. మొదటి దెబ్బకే గుండు కొమ్మ దాటి అవతల రోడ్డు వైపు ఊగింది. సర్వీసు తీగకి జానెడు దూరంలో ఆగింది. వెన్ను చల్లబడింది. దారం తెంచేసి, ఆ కొమ్మని వదిలేసి, తోట వైపు కొమ్మకి మార్చాం. తీగ తెగి ఎటు పడ్డా కరెంటు తీగల మీద పడకూడదు, అక్కడ బేరం లేదు.

కట్టడానికి పట్టింది పన్నెండు నిమిషాలు. 40, 20, 15, 10 నాలుగు బ్యాండ్లూ ట్యూనర్ లేకుండా పలికాయి. నేను వెతుకుతున్న ఒకే తీగ దొరికిందని సాయంత్రం దాకా అనుకున్నాను.

సాయంత్రం మాట్లాడుతుంటే అవతలాయన "మీ ఆడియో బావిలోంచి వస్తున్నట్టుంది" అన్నారు. మైకు లోహం పెదవికి తగిలితే చురుక్కుమంది. ఇలాంటి తీగకి తిరుగు దారి కావాలి. మనం ఇవ్వకపోతే కోయాక్స్ రాగి అల్లికని అది తీసుకుంటుంది, దాని వెంట రేడియో దాకా వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండు దగ్గర 2 మీటర్ల కౌంటర్‌పాయిస్ తీగ ఇచ్చి, కోయాక్స్ మీద రెండు మీటర్లు వదిలి చోక్ పెట్టాక చురుకు పోయింది. ఆడియో బావుంది.

కానీ విజయవాడ నుంచి ఈ తీగకి 5 7, వీకి 5 9. వినడంలో కూడా వీ ప్రశాంతంగా ఉంది. ఈఎఫ్‌హెచ్‌డబ్ల్యూ ఫీడ్ పాయింటు ఇంటిని ఆనుకుని ఉంది, ఇంట్లో చెత్తంతా అదే ఏరుకుంటోంది. ఊరెళ్ళినప్పుడు హోటల్ బాల్కనీకి, మా అత్తగారింటి మేడకి దీన్ని మించింది లేదు. సంచిలో పెట్టాను.

మార్చి 1

వర్టికల్. 20 మీటర్ల బ్యాండుకి క్వార్టర్ వేవ్, 5 మీటర్ల తీగ. రెండు వెదురు గెడల్ని ప్లాస్టిక్ పైపు ముక్కతో జతచేస్తే 20 అడుగులు. పెరట్లో నిలబెట్టి రెండు రేడియల్స్ పరిచాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.1. ఇంత సులువా అనుకున్నాను.

ఇంకో ఆరు రేడియల్స్ కలిపాను. ఎస్‌డబ్ల్యూఆర్ 1.3కి పెరిగింది! ఏదో వదులైందని కనెక్టర్లన్నీ విప్పి బిగించాను. అదే 1.3. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. మంచి గ్రౌండు మీద క్వార్టర్ వేవ్‌కి 36 ఓమ్‌లు ఉండాలి. రెండు రేడియల్స్‌తో 50 కనిపించిందంటే మిగతా 14 నేలలో నష్టం. నా వాట్లలో నూటికి 28 వానపాములకి వెచ్చదనం ఇస్తున్నాయి. ఎనిమిది రేడియల్స్‌తో మొత్తం 40కి దగ్గరైంది, నష్టం పదో వంతుకి దిగింది. మీటరు మీద అంకె చెడింది, యాంటెన్నా బాగుపడింది. అంకెలు చూసి మురిసిపోయేవాళ్ళకి ఇది చెబితే నమ్మరు. డమ్మీ లోడుకి (యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టరుకి) ఎప్పుడూ 1.0 వస్తుంది, అది పక్క గదికి కూడా వినిపించదు.

అంతా చేసి వింటే ఏముంది, నాయిస్ 7. నిలువు తీగ ఇళ్ళ నుంచీ స్తంభాల నుంచీ వచ్చే గోలని అడ్డతీగ కన్నా బాగా పట్టుకుంటుంది. రెండు గంటలు పిలిచాను. ఎవరైనా జవాబిచ్చారేమో, నాకు వినిపించలేదు. విప్పి అటక మీద పెట్టబోయి, ఆగి, వచ్చే ఆదివారానికి గోడకి ఆనించాను.

మార్చి 8, అంతర్వేది

భీష్మ ఏకాదశి తీర్థం అయిపోయి చాలా రోజులైంది, ఒడ్డు ఖాళీగా ఉంది. బైకు మీద వెనక మా అబ్బాయి, వాడి చేతిలో నిలువుగా రెండు వెదురు గెడలు. దారిలో అందరూ పెళ్ళిపందిరికేమో అనుకుని ఉంటారు.

లైట్‌హౌస్ దాటి, సరుగుడు తోట చివర, తడి ఇసుక మొదలయ్యే చోట గెడ పాతాం. పోటు ఎక్కడిదాకా వస్తుందో ఒక చేపల వేటగాణ్ణి అడిగితే కాలితో గీత గీసి చూపించాడు. ఆ గీతకి నాలుగడుగులు ఇవతల. పెరట్లో పనికిరాని అదే తీగ, అవే ఎనిమిది రేడియల్స్, అదే కేబుల్.

రేడియో ఆన్ చేసి, చెడిపోయిందనుకున్నాను. అంత నిశ్శబ్దం. మీటరు ముల్లు 1 కూడా చూపించడం లేదు. డయల్ తిప్పాక గొంతులు మొదలయ్యాయి.

ఉప్పునీటి వాహకత మీటరుకి దాదాపు 5 సీమెన్స్. మామూలు నేలది 0.005 దగ్గర ఉంటుంది. వెయ్యి రెట్లు. నిలువు యాంటెన్నా వదిలిన తరంగం క్షితిజానికి దగ్గరగా, తక్కువ కోణంలో వెళ్ళాలంటే ముందున్న నేల దాన్ని మింగకూడదు. ఇక్కడ ముందున్నది బంగాళాఖాతం. నాలుగూ ముప్పావుకి ఇండోనేషియా స్టేషను ఒకటి సీక్యూ (ఎవరైనా ఉన్నారా అని) పిలుస్తుంటే కాల్‌సైన్ (నా లైసెన్సు గుర్తు) చెప్పి స్ట్రోక్ పోర్టబుల్ (ఇంటి బయట నుంచి) అన్నాను. మొదటి పిలుపుకే జవాబు, 5 7. 14 మెగాహెర్ట్జ్ మీద నా రేడియో పది వాట్లు కూడా ఇవ్వదు. అరగంట తర్వాత పశ్చిమ ఆస్ట్రేలియా, 5 5. మా వాడు ఇసుకలో పుల్లతో దేశాల పేర్లు రాస్తూ కూర్చున్నాడు.

హైదరాబాద్‌లో మిత్రుడికి ఫోన్ చేసి అదే ఫ్రీక్వెన్సీలో వినమన్నాను. ఒక్క ముక్క వినిపించలేదట. తక్కువ కోణంలో వెళ్ళింది వాళ్ళ నెత్తి మీదుగా దాటిపోయింది. ఆస్ట్రేలియా విన్నది, హైదరాబాద్ వినలేదు. పెరట్లో వీ విషయంలో సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. ఒకే తీగ కావాలన్న జనవరి కోరికని ఇక్కడే ఇసుకలో పూడ్చేశాను.

ఇద్దరు పోలీసులు వచ్చి గెడ చుట్టూ తిరిగి చూశారు. సముద్రం ఒడ్డున తీగలూ మైకూ పెట్టుకుని ఇంగ్లీషులో మాట్లాడితే అడగకపోతేనే వింత. లామినేట్ చేసిన లైసెన్సు చూపించాను. ఒకాయన నీడలో కూర్చుని అడిగాడు, దీంతో ఏం ఉపయోగమండి అని. ఎదురుగా నీళ్ళ వైపు చూపించి 2004 సంగతి చెప్పాను. ఆ డిసెంబరులో ఎన్‌ఐఏఆర్ (హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ) తరఫున భారతి ప్రసాద్ గారి బృందం అండమాన్ నుంచి వీయూ4ఆర్‌బీఐ కాల్‌సైన్‌తో ప్రపంచంతో సరదాగా మాట్లాడడానికి వెళ్ళింది. 26న సునామీ వచ్చింది. సరదాకి కట్టిన యాంటెన్నాల మీదే దీవుల క్షేమసమాచారాలు మెయిన్‌ల్యాండ్‌కి నడిచాయి. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గెడ పట్టుకుని విప్పడంలో సాయం చేశాడు.

మార్చి 9

కనెక్టర్లు రాత్రే తడిగుడ్డతో తుడవాల్సింది. ఒక్క రాత్రికే ఉప్పు తెల్లగా పేరుకుంది. మంచినీళ్ళతో కడిగి ఎండబెట్టాను. ఇక ఒడ్డు నుంచి వచ్చిన రోజు అన్నం తినేముందు ఇదే పని.

మార్చి 27

తెల్లవారుజామున ధన్‌మని చప్పుడు. ఎండుమట్ట ఒకటి రాలి వీ కాలు మీద పడింది. తీగ తెగలేదు, మధ్య ఇన్సులేటరు రెండు ముక్కలైంది. కోయాక్స్ చివర వేలాడుతోంది, దాని మీద పీచు.

నా తప్పే. చివరి తాళ్ళని బిర్రుగా చెట్లకి కట్టేశాను, ఎక్కడా సడలే వీలు లేదు. దింపు రోజున కొత్త ఇన్సులేటరు పెట్టి, రెండు చివర్లా తాడుని గిలక మీదుగా వేసి కొసన లీటరు నీళ్ళ సీసా కట్టాను. గాలికి చెట్టు ఊగితే సీసా పైకీ కిందికీ ఆడుతుంది. మట్ట పడినా తీగ వంగి మళ్ళీ లేస్తుంది. పెద్దాయన కూడా ఆ చెట్టుకి వేలాడే ఎండుమట్టలన్నీ ముందే కొట్టేశాడు.

ఏప్రిల్ 19

కొలిస్తే 7.05. దాదాపు మూడు నెలల గాలికి తీగ సాగింది. మెత్తని రాగి కదా. ఒక్కో కాలు ఐదారు సెంటీమీటర్లు మళ్ళీ మడిచాను. సాయంత్రాలు ఉరుములు మొదలయ్యాయి. కేబుల్ విప్పి కిటికీ బయట పెట్టనిదే నిద్రపోవడం లేదు.

మే 10

బాబాయి ఒక ప్రశ్న వేశాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

"తుఫానప్పుడు పనికొస్తుందంటున్నావు. తుఫానొస్తే ముందు పోయేది చెట్లే కదరా?"

1996 నవంబరు 6. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. రాత్రంతా పెంకులు లేచిపోతుంటే మంచం కింద ఉన్నాం. తెల్లారి తలుపు తీస్తే తోట లేదు. అరవై చెట్లలో పంతొమ్మిది నిలబడి ఉన్నాయి, మిగతావి అన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడుకున్నాయి. కరెంటు లేదు, ఫోను లేదు. హైదరాబాద్‌లో ఉన్న పెద్దనాన్నకి మేం బతికున్నామని తెలియడానికి ఎన్ని రోజులు పట్టిందో అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

చెట్టుకి కట్టిన యాంటెన్నా అవసరమైన రోజునే నేల మీద ఉంటుంది. కాబట్టి మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఇంకో వీ సిద్ధం చేశాను. ఇది లింక్డ్ డైపోల్: ఒక్కో కాలు 4.9 మీటర్ల దగ్గర తెగి ఉంటుంది, బైకు మెకానిక్ దగ్గర దొరికే బుల్లెట్ కనెక్టరుతో కలిపితే 40 మీటర్లు, విడదీస్తే 20. తీగ సన్నది, 0.75 స్క్వేర్. డబ్బాలోనే తాళ్ళు, మేకులు (నేలలో దిగేవి, చెట్టుకి కాదు), కొలత రాసిన కాగితం. పందిళ్ళకి వాడే సరుగుడు గెడ ఒకటి 22 అడుగులది గోడ వారన పడుకోబెట్టాను. పడుకున్నదాన్ని గాలి ఏం చేస్తుంది. 12 వోల్టుల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నెలకోసారి ఛార్జి.

పెరట్లో గెడ నిలబెట్టి ఒక్కణ్ణే కట్టి చూశాను. మొదటిసారి 31 నిమిషాలు, రెండోసారి 19. ఆరున్నర మీటర్ల ఎత్తు మాత్రమే. హైదరాబాద్ నుంచి 5 8. చెట్టు మీది వీ కన్నా ఒక్క మెట్టు తక్కువ, అంతే.

మే 31

దింపు. పొద్దున్నే తీగ దించేశాను, పెద్దాయనకి అడ్డం రాకుండా. మధ్యాహ్నానికి కాయలన్నీ కుప్ప పోశారు. టీ తాగుతూ ఆ తీగ వైపు చూసి, నేను అడక్కుండానే కాళ్ళకి బందం వేసుకుని మళ్ళీ చెట్టెక్కాడు. పీచు తాడు వానకి నానకముందే కొత్తది మార్చాలని ఆయనే పట్టుకొచ్చాడట.

పైనుంచి కేకేశాడు. "బాబూ, ఇంకో పదడుగులు పైకి కట్టనా? ఇంకా దూరం అందుద్ది కదా?"

"వద్దండి. అక్కడే ఉంచండి. హైదరాబాద్ అందితే చాలు."

"ఆయ్" అని పాత తాడు కోసి కిందికి విసిరాడు. సాయంత్రం కొలిస్తే 7.09.